అడవినాభి పూవుకు రెక్కల సాయం: అనంతగిరి కింద నాలుగు వానాకాలాల ప్రాజెక్టు డైరీ

అనంతగిరి కొండల కింద, వికారాబాదుకు కొద్ది దూరంలో మాకు ఇరవై గుంటల ఎర్రనేల ఉంది. తూర్పున రిజర్వు అడవి, పడమట ఊరి బాట, ముందు భాగంలో మా నాన్నగారు పెట్టిన పది మామిడిచెట్లు, వాటి వెనుక ఎవరూ పెట్టకుండానే లేచిన టేకు, మోదుగ, తునికి, సీతాఫలం చెట్లు ఉన్నాయి. ఆ వెనుక భాగంలో నీడ పలచగా పడే ఆరేడు గుంటలలో ఒక అడవి పూవును తిరిగి నిలబెట్టాలన్నది ఈ ప్రాజెక్టు ఉద్దేశం. నేను హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ ఆదివారాలు మాత్రమే ఇక్కడికి రాగలుగుతున్నాను కనుక, ఈ డైరీలోని తేదీలన్నీ ఆదివారాలే. వాటి పక్కన కార్తెను కూడా రాసుకున్నాను, ఎందుకంటే ఈ మొక్క నడిచేది క్యాలెండరును బట్టి కాదు, వానను బట్టి.

ఆ పూవు పేరు అడవినాభి. కొందరు కలప్పగడ్డ అంటారు. సంస్కృతంలో అగ్నిశిఖ అనీ, లాంగలి అనీ పేర్లున్నాయి. 1753లో లిన్నేయస్ పెట్టిన శాస్త్రనామం గ్లోరియోసా సుపర్బా. తమిళనాడు దీనిని రాష్ట్ర పుష్పంగా గౌరవించింది. నా చిన్నతనంలో శ్రావణ భాద్రపదాలలో ఈ ప్రాంతపు ప్రతి కంప కంచె మీదా ఈ పూవు మంట రంగులో కనిపించేది. కంచెలు పోయి ప్రహరీలు వచ్చిన చోట అది కూడా కనిపించకుండా పోయింది.

2022 మే 29, రోహిణి కార్తె

మా మేనత్త తన పొలం చుట్టూ ఉన్న పాత కంచెను తీయించి రాతి కడీలు పాతిస్తున్నదని తెలిసి, పొద్దున్నే ఆమె ఊరికి వెళ్ళాను. జేసీబీ అప్పటికే సగం కంచెను పెకలించింది. మట్టిలో నుంచి బయటపడిన దుంపలు ఎండలో దొర్లుతున్నాయి. "అత్తమ్మా, ఈ గడ్డలు నేను తీసుకుపోనా?" అని అడిగితే, "తీస్కపో బిడ్డా, కని పిలగాండ్లకు అందకుంట పెట్టు. నోట్ల వెట్టుకుంటే మనిషి దక్కడు" అన్నది. ఆమె చెప్పింది అక్షరాలా నిజం. తెలుగులో నాభి అనే మాటకు విషం అనే అర్థం కూడా ఉంది, ఈ మొక్కకు ఆ పేరు ఊరికే రాలేదు.

ఈ ప్రాజెక్టుకు దుంపలు అడవి నుంచి తేకూడదని మొదటే నిర్ణయించుకున్నాను. రిజర్వు అడవిలో మొక్కను పెకలించడం నేరం. అది నేరం కాకపోయినా, ఒక చోట నిలబెట్టడానికి మరొక చోట పడగొట్టడంలో అర్థం లేదు. ఎలాగూ ఎండిపోయే ఈ దుంపలు దొరకడం వల్లనే పని ఇన్నాళ్ళకు మొదలైంది.

మొత్తం 14 దుంపలు తెచ్చాను. ఒక్కొక్కటి చేతి వేళ్ళంత లావున, రెండు కొమ్ములుగా చీలి, అచ్చం నాగలిని తలపిస్తున్నది. లాంగలి అనే పేరులో నాగలి ఉన్న సంగతి దుంపను చేతిలో పట్టుకున్నాక గాని నాకు తట్టలేదు. మొలక కన్ను ప్రతి కొమ్ము చివర ఒక్కటి మాత్రమే ఉంటుంది. దుంప మీద బంగాళాదుంపకు ఉన్నట్లు అక్కడక్కడా కన్నులు ఉండవు. ఆ కొన విరిగితే మిగతా దుంప ఎంత పుష్టిగా ఉన్నా మొలకెత్తదు. ఈ సంగతి తెలియక తట్టలో ఒకదాని మీద ఒకటి పోసి తెచ్చాను. ఇంటికి చేరి చూసుకుంటే మూడింటి కొనలు విరిగి ఉన్నాయి. ఇకముందు ఎవరికైనా దుంపలు ఇవ్వవలసి వస్తే ఎండుగడ్డి పరచి, వరుసగా పేర్చి ఇవ్వాలి.

2022 జూన్ 19, మృగశిర కార్తె

రెండు మంచి వానలు పడ్డాయి. ఈ రోజు దుంపలు నాటాను. మా నేల మొరం కలిసిన ఎర్రనేల, నీరు నిలవదు. అయినా గునపంతో జానెడు లోతు గుల్ల చేసి, ఆకుకుళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు కలిపి, నాలుగు వేళ్ళ లోతున దుంపలను అడ్డంగా పడుకోబెట్టాను. నిలువుగా పెట్టకూడదు, కన్ను ఉన్న కొన కొద్దిగా పైకి ఉంటే చాలు. పదింటిని వాలు మీదా, చోటు చాలక నాలుగింటిని కింద వాన నీరు ఆగే పల్లం పక్కనా పెట్టాను.

చేతి తొడుగులు లేకుండా ఈ దుంపలను ముట్టుకోలేదు. మొక్క అంతటా, ముఖ్యంగా దుంపలోనూ విత్తనంలోనూ, కోల్చిసిన్ అనే విషం ఉంటుంది. 1820లో ఫ్రాన్సుకు చెందిన పెల్లెటియే, కావెంటూ అనే రసాయన శాస్త్రజ్ఞులు దీనిని మొదట వేరుచేసింది మరొక మొక్క నుంచి గాని, విషం అదే. చాలా తక్కువ మోతాదులో అది గౌట్ అనే కీళ్ళ జబ్బుకు మందు. మోతాదు దాటితే కొన్ని గంటలలో వాంతులు, విరేచనాలు మొదలై, తరువాత లోపలి అవయవాలు ఒక్కొక్కటిగా దెబ్బతింటాయి. కాన్పు కోసం, గర్భస్రావం కోసం ఈ దుంపను వాడే పాత అలవాటు వల్ల ప్రాణాలు పోయాయి. అందువల్ల ఈ ఆరేడు గుంటల చుట్టూ ముళ్ళకంచె కట్టించి, ద్వారం దగ్గర "విషపు మొక్కలు, ముట్టుకోరాదు" అని పెద్ద అక్షరాలతో పలక పెట్టించాను. పలకకు, కంచెకు అయిన ఖర్చు మిగతా ప్రాజెక్టు ఖర్చు కంటె ఎక్కువ. అయినా ముందు ఆ పని చేసి గాని దుంప నాటకూడదని ఎవరికైనా గట్టిగా చెబుతాను. చిన్నపిల్లలు తిరిగే ఇంటి పెరటిలో దీనిని అసలు పెంచవద్దు.

2022 జూలై 24, పుష్యమి కార్తె

ఈ నెల వానలు తెలంగాణ అంతటా హద్దు మీరి కురిశాయి. గోదావరి వైపు ఊళ్ళకు ఊళ్ళే మునిగాయి. మా పల్లంలో పెట్టిన నాలుగింటిలో మూడు కుళ్ళిపోయాయి. తవ్వి చూస్తే ముద్దలా చేతికి వచ్చాయి, వాసన భరించరానిది. వాలు మీది పదింటిలో ఎనిమిది మొలిచాయి. పల్లంలో మిగిలిన ఒక్కటితో కలిపి తొమ్మిది.

మొలిచిన తీగలు చూడముచ్చటగా ఉన్నాయి. ఆకు కొన సన్నగా సాగి, నులిపురిలా చుట్టుకుని, పక్కన ఏది దొరికితే దానిని పట్టుకుంటుంది. దీనికి వేరే నులితీగలు లేవు, ఆకే చెయ్యి. మొదట వెదురు బద్దలు పాతాను, కాని తీగలు నున్నని వెదురు మీద జారిపోయి, పక్కనున్న సీతాఫలం కొమ్మల మీదికే వెళ్ళాయి. బద్దలు తీసేసి ఎండిన కంపను నిలబెట్టాను. వారం తిరిగే సరికి తీగలు దానిని అల్లుకున్నాయి.

2022 ఆగస్టు 21, మఖ కార్తె

మూడు తీగల ఆకులు పోయి కాడలు మాత్రమే మిగిలాయి. నల్లని ఒంటి మీద తెల్ల చుక్కలు, నారింజ మచ్చలతో గొంగళిపురుగులు గుంపులుగా ఉన్నాయి. ఇది పాలిటెలా గ్లోరియోసే అనే చిమ్మట పిల్ల. దాని శాస్త్రనామంలోనే ఈ మొక్క పేరు ఉంది. ఇంత విషపు ఆకును తిని బతికే ప్రాణి అది.

నాతో వచ్చిన స్నేహితుడు మందు కొట్టమని సలహా ఇచ్చాడు. నేను ఒప్పుకోలేదు. పుప్పొడి మోసే పురుగుల కోసం ఒక మొక్కను పెంచుతూ, అదే మొక్క మీద పురుగుల మందు చల్లితే మొదటి మెట్టు దగ్గరే తప్పు చేసినట్లు అవుతుంది. పైగా ఈ చిమ్మటకు కూడా ఈ నేల మీద మొక్కకు ఉన్నంత హక్కు ఉంది. మధ్యేమార్గంగా, బాగా తిన్న రెండు తీగలను వాటికే వదిలి, మిగతా తీగల మీది పురుగులను పుల్లతో ఏరి ఆ రెండింటి మీదికి చేర్చాను. ఆకులు పోయిన తీగలలో ఒక్కటి కూడా చచ్చిపోలేదు. దుంపలో బలం ఉన్నంతవరకు ఈ మొక్క తట్టుకుంటుంది.

2022 సెప్టెంబరు 4, పుబ్బ కార్తె

పూలు వచ్చాయి. నాలుగు రోజుల కిందట విచ్చినదీ, ఈ ఉదయం విచ్చినదీ ఒకే తీగ మీద ఉంటే, అవి రెండు వేర్వేరు మొక్కల పూలని ఎవరైనా అనుకుంటారు. విచ్చినప్పుడు రేకులు ఆకుపచ్చ కలిసిన పసుపుగా ఉంటాయి. తరువాత కొనల నుంచి ఎరుపు దిగుతూ మొదలు దగ్గర పసుపు మిగులుతుంది, చివరకు పూవంతా కుంకుమ ఎరుపవుతుంది. అంచులు అలలు అలలుగా ఉండే ఆరు రేకులూ వెనక్కి, పైకి తిరిగి ఉండడం వల్ల గాలికి నిజంగా మంట ఆడుతున్నట్లే కనిపిస్తుంది.

ఈ పూవు నిర్మాణం గురించి కొంచెం వివరంగా రాయాలి. నా పని అంతా దీని మీదే ఆధారపడింది. పూవు తలకిందులుగా వేలాడుతుంది. ఆరు కేసరాలు బండి చక్రం ఆకుల లాగా చుట్టూ పక్కలకు చాచుకుని ఉంటాయి. వాటి కొనల మీద పుప్పొడి తిత్తులు ఊయల లాగా అటూ ఇటూ ఊగుతాయి. కీలం అనే సన్నని కాడ మాత్రం అండాశయం దగ్గరే లంబకోణంలో వంగి, పూవు నుంచి దూరంగా పక్కకు చాచుకుంటుంది. పుప్పొడి అందుకోవలసిన కీలాగ్రం దాని చివర మూడు పాయలుగా ఉంటుంది. తేనె ఉండేది రేకుల మొదళ్ళలోని సన్నని గాడులలో. అంటే తేనె పూవు నడిబొడ్డున ఉంది, పుప్పొడి వెలుపలి వలయంలో ఉంది, కీలాగ్రం ఆ వలయంలో ఒక పక్కన మాత్రమే ఉంది. ఈ మూడింటినీ ఒకేసారి తాకగలిగేది ఏ ప్రాణి?

ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిది వరకు కదలకుండా కూర్చుని లెక్క రాశాను. జుంటీగలు, పుట్టల్లో ఉండే తేనెటీగలు కలిపి 43 సార్లు వాలాయి. అన్నీ నేరుగా పుప్పొడి తిత్తి మీద వాలి, కాళ్ళ సంచులు నింపుకుని, అదే దారిలో వెళ్ళిపోయాయి. కీలాగ్రాన్ని తాకినది ఒక్కటే, అదీ పొరపాటుగా. తేనెపిట్ట ఒకసారి వచ్చి, కొమ్మ మీద వాలి, రెండు పూలలో ముక్కు పెట్టి పోయింది. సీతాకోకచిలుక ఒక్కటీ రాలేదు.

2022 అక్టోబరు 30, స్వాతి కార్తె

ఈ ఏడు పూచినవి 31 పూలు. కాయలైనవి 3.

తేనెటీగలు అన్ని వచ్చినా కాయలు ఎందుకు లేవన్న ప్రశ్న రెండు నెలలుగా నన్ను వదలలేదు. చదివిన వాటిలో ఒక సంగతి కళ్ళు తెరిపించింది. దక్షిణాఫ్రికాలో ఇదే మొక్క మీద జరిగిన పరిశోధనలో, పుప్పొడిని మోసేది పెద్ద సీతాకోకచిలుకల రెక్కలని తేలింది. సీతాకోకచిలుక తేనె కోసం రేకు మొదలును పట్టుకుని రెక్కలు ఆడిస్తున్నప్పుడు, ఆ రెక్కలు ఊగే తిత్తులకు తగిలి పుప్పొడి అంటుకుంటుంది. మరొక పూవు దగ్గర అదే రెక్క పక్కకు చాచిన కీలాగ్రానికి రాసుకుంటుంది. కేసరాలు, కీలం అంత దూరంగా ఎందుకు చాచుకున్నాయో అప్పుడు అర్థమైంది. ఆ దూరం రెక్క కొలతకు సరిపోయే దూరం. తేనెటీగ శరీరం దానికి చాలదు. నేను 43 రాకపోకలు లెక్కపెట్టి సంతోషించాను గాని, మొక్కకు సంబంధించినంతవరకు అవి చాలావరకు పుప్పొడి నష్టమే. తేనెటీగలకు మాత్రం మంచి మేత దొరికింది, అదీ ఈ ప్రాజెక్టులో భాగమే కనుక దానికి విచారించను.

2023 జూన్ 25, ఆరుద్ర కార్తె

గడచిన డిసెంబరులో కూలీలను పెట్టి నాలుగు గుంటల లాంటానా పొదలను వేళ్ళతో సహా తీయించాను. అది అమెరికా ఖండాల నుంచి వచ్చి మన అడవులను కమ్మేసిన పొద, దాని కింద స్థానికమైన మొక్క ఏదీ లేవదు. ఇది సరైన పనే అని అప్పుడు అనుకున్నాను.

ఈ రోజు, ఏడు నెలలు పొడిగా దాచిన విత్తనాలు 60 నాటాను. కాయ ఎండి మూడు పాయలుగా విచ్చుకున్నప్పుడు లోపల ఎర్రని విత్తనాలు గుత్తులుగా ఉంటాయి. తాజా విత్తనం వెంటనే మొలవదు, నెలల తరబడి నిద్రలో ఉంటుంది. ఒక రాత్రి నీటిలో నానబెట్టి, ఇసుక, ఆకుకుళ్ళు సమంగా కలిపిన తొట్లలో వేశాను. మొలిచినా పూతకు రావడానికి మూడు నాలుగేళ్ళు పడుతుంది.

2023 ఆగస్టు 27, మఖ కార్తె

జూలై చివర కుండపోత, ఆ తరువాత చినుకు లేదు. దేశం మొత్తం మీద 1901 నుంచి నమోదైన ఆగస్టులలో ఇదే అత్యంత పొడి నెల అయ్యేలా ఉందని వార్తలలో వచ్చింది. రెండు ఆదివారాలు బిందెలతో నీళ్ళు మోసి పోశాను. పాత దుంప ఏటా తాను కరిగిపోయి కొత్త దుంపను తయారు చేసుకుంటుంది, దాని రెండు కొమ్ముల నుంచి రెండు తీగలు రావచ్చు. ఆ విధంగా ఈ ఏడు 13 తీగలు ఉన్నాయి. తొట్లలో 17 విత్తనాలు మొలిచాయి. మొదటి ఏడాది పిల్లమొక్క రెండు మూడు ఆకులు వేసి ఊరుకుంటుంది, పాకదు, ఆకు కొనలు కూడా చుట్టుకోవు.

2023 సెప్టెంబరు 17, ఉత్తర కార్తె

కాయలు రాకపోవడానికి మొక్క బలహీనత కారణమా, పుప్పొడి అందకపోవడం కారణమా అన్నది తేల్చుకోవడానికి ఈ నెలంతా చేతితో పరాగసంపర్కం చేస్తున్నాను. తమిళనాడులో దిండిగల్, కరూరు, తిరుప్పూరు జిల్లాల రైతులు మందుల కంపెనీలకు విత్తనం అమ్మడానికి ఈ మొక్కను పందిళ్ళ మీద సాగుచేస్తారు. అక్కడ పూత కాలంలో కూలీలు రోజూ ఉదయం ప్రతి పూవుకూ పుప్పొడిని చేతితో అంటిస్తారు. ఆ పద్ధతినే అనుసరించాను. ఆ రోజో ముందు రోజో విచ్చిన పూవును ఎంచుకుని, వేరే తీగ నుంచి తీసిన పుప్పొడి తిత్తిని కీలాగ్రపు మూడు పాయల మీదా మెల్లగా రాసి, కాడకు ఎర్రదారం కట్టాను. ఆదివారాలలో మాత్రమే చేయగలిగాను కనుక 20 పూలకే దారం పడింది.

2023 నవంబరు 12, విశాఖ కార్తె

ఈ దీపావళి నాడు లెక్క ముగించాను. మొత్తం పూలు 68. దారం కట్టిన 20 పూలలో 14 కాయలయ్యాయి. వాటంతట వాటికే వదిలిన 48 పూలలో 2 మాత్రమే కాయలయ్యాయి.

కరవు ఆగస్టులో కూడా మొక్కకు కాయను మోసే బలం ఉందని దారం కట్టిన పూలు చెబుతున్నాయి. లేనిది పుప్పొడి మోసుకొచ్చే చుట్టమే. అంతేకాదు, గత ఏడాది కంటె ఈ ఏడు కాయలు ఇంకా తగ్గాయి. దానికి నేను తీయించిన లాంటానా కూడా ఒక కారణమని ఇప్పుడు ఒప్పుకోవాలి. అది పరాయి మొక్కే, చెడ్డ మొక్కే, కాని ఏడాది పొడుగునా పూచి సీతాకోకచిలుకలకు తేనె ఇచ్చేది అదొక్కటే మిగిలి ఉంది. దానికి బదులు ఏమీ పెట్టకుండా ఒక్కసారిగా తీసేయడం వల్ల ఉన్న కాసిని సీతాకోకచిలుకలూ ఇటు రావడం మానేశాయి. పొద తీయడం తప్పు కాదు, తీసిన వరుస తప్పు. ముందు తేనె మొక్క పూయాలి, తరువాత లాంటానా పోవాలి.

రెండో కారణం మామిడితోట. కాపును ఏటా గుత్తకు ఇస్తున్నాము. గుత్తదారు పూత మీద తేనెమంచు పురుగు కోసం మూడు నాలుగు సార్లు మందు కొట్టిస్తాడు. ఆ మందు గాలికి వెనుక భాగానికి కూడా వస్తుంది. ఈ ఏడు గుత్త ధర తగ్గించుకుని, వేపనూనె తప్ప మరే మందూ కొట్టకూడదని షరతు పెట్టాను. ఇంట్లో అందరికీ ఇది నచ్చలేదు. తగ్గిన సొమ్ము చిన్నది కాదు, కాని ఆ మందు పడుతున్నంతకాలం పక్కన పూవు నాటి లాభం లేదు.

2024 జూలై 14, పునర్వసు కార్తె

ఈ వానాకాలానికి ప్రాజెక్టు స్వరూపమే మారింది. ఒక పూవును పెంచడం నుంచి, ఆ పూవుకు రెక్కలు తెచ్చే ప్రాణులను పెంచడం వైపు వచ్చాను. సీతాకోకచిలుకకు రెండు రకాల మొక్కలు కావాలి. ఒకటి పెద్ద పురుగు తేనె తాగేది, మరొకటి గొంగళిపురుగు ఆకు తినేది. తోటలలో సాధారణంగా మొదటి దానినే పెట్టి, రెండోదాని మీద పురుగు కనబడగానే చంపేస్తారు.

గొంగళిపురుగుల కోసం పెట్టినవి ఇవి: కామన్ మార్మన్, నిమ్మ సీతాకోకచిలుకల కోసం ఆరు కరివేపాకు, రెండు నిమ్మ, ఒక మారేడు; పసుపు, తెలుపు రెక్కల ఎమిగ్రెంట్ సీతాకోకచిలుకల కోసం తంగేడు, రేల; క్రిమ్సన్ రోజ్ అనే సీతాకోకచిలుక కోసం నల్లేశ్వరి తీగ. ఇందులో తంగేడును పెట్టవలసిన పనే లేకపోయింది, మేకలను ఆపగానే అదే లేచింది. తేనె కోసం వావిలి, చిత్రమూలం, ముళ్ళగోరింట, నూరువరహాలు పెట్టాను. మిగిలిన లాంటానాను ఇప్పుడు తాకలేదు. వావిలి పూతకు వచ్చిన పక్కన మాత్రమే ఒక గుంట మేర తీయించాను.

బాట పక్కన మేకలు కాసే పెద్దాయన ద్వారం దగ్గర నిలబడి, "పటేలా, అన్ని చెట్లు వెట్టి ఆకులన్ని పురుగులకే ఏస్తివి గదా" అన్నాడు. అవును తాతా, వాటికోసమే పెట్టాను అని చెప్పాను. ఆయన కాసేపు కరివేపాకు మీది ఆకుపచ్చ పురుగును చూసి, చిన్నప్పుడు నల్లేశ్వరి తీగ కొండ మీద ఏ దారి పక్కన ఉండేదో చెప్పి వెళ్ళాడు.

తొట్లలో నిరుడు మొలవని విత్తనాలలో మరో 6 ఈ వానకు మొలిచాయి. తొట్టిని ఒక్క ఏడాదికే పారబోయకూడదని ఇది తెలియజేసింది.

2024 సెప్టెంబరు 8, పుబ్బ కార్తె

ఉదయం తొమ్మిదిన్నరకు, ఎండ మొక్కల మీదికి వచ్చిన తరువాత, నల్లని కామన్ మార్మన్ ఒకటి వచ్చింది. మూడు పూలు తిరిగింది. తేనె తాగినంతసేపూ అది రెక్కలు ఆపలేదు. కళ్ళద్దాల లోంచి చూస్తుండగా, నల్లని రెక్క కింది వైపు పసుపు పొడి చారలా అంటుకుని కనిపించింది. మూడో పూవు దగ్గర ఆ రెక్క కీలాన్ని తాకి, కీలం ఊగడం స్పష్టంగా చూశాను. దక్షిణాఫ్రికాలో జరిగినట్లు చదివినది రెండేళ్ళ తరువాత మా సీతాఫలం చెట్టు కింద కళ్ళారా చూడగలిగాను. ఆ రోజు గంటన్నరలో పెద్ద సీతాకోకచిలుకలు 7 సార్లు వచ్చాయి. తొమ్మిది దాటక ముందు ఒక్కటీ రాలేదు. మొదటి ఏడాది నేను లెక్క రాసిన సమయమే తప్పు. సీతాకోకచిలుకకు ఒళ్ళు వేడెక్కాలి, ఎండ పడని వేళలో కూర్చుని అవి రావని తేల్చుకున్నాను.

ఈ ఏడు చేతితో ఒక్క పూవునూ తాకలేదు. ఈ పేజీ కిందే తరువాత నవంబరులో రాసుకున్న లెక్క: 74 పూలకు 11 కాయలు.

2025 సెప్టెంబరు 21, ఉత్తర కార్తె

ఈ రోజు ఎంగిలిపూల బతుకమ్మ. ఊరి ఆడపిల్లలు తంగేడు కోసం వచ్చారు. కంచె బయట ఉన్నదంతా కోసుకోమన్నాను, లోపలి చెట్ల మీద ఎమిగ్రెంట్ పురుగులు ఉన్నందువల్ల అవి మాత్రం వదలమని అడిగాను. ఒక చిన్నపాప అడవినాభిని చూసి, "అంకుల్, గా ఎర్రపువ్వు ఒక్కటియ్యి, బతుకమ్మ మీద పెడ్త" అంది. ఇవ్వలేదు. పిల్లను దగ్గర కూర్చోబెట్టి, ఇది ఎందుకు ముట్టుకోకూడదో, దీని దగ్గరికి ఎవరు రావచ్చో చూపించాను. అంతలో మోదుగ వైపు నుంచి ఒక పసుపు ఎమిగ్రెంట్ వచ్చి వాలింది. పాప తంగేడు కట్టతో చాలాసేపు అక్కడే నిలబడింది.

రెండేళ్ళ కిందట జూన్‌లో నాటిన విత్తనాల నుంచి ఆ ఏడే లేచిన 17 మొక్కలలో 12 బతికి ఉన్నాయి. వాటిలో ఒకటి, మూడో వానాకాలంలోనే, ఈ వారం మొగ్గ తొడిగింది. మొగ్గ చిన్నది, తల ఇంకా వంచలేదు.

2025 నవంబరు 16, విశాఖ కార్తె

తీగలు పసుపు తిరిగి ఎండుతున్నాయి. ఎండిన తరువాత దుంప ఎక్కడుందో తెలియదు కనుక, ప్రతి మొదలు దగ్గరా సున్నం పూసిన రాయి పెట్టాను. ఈ ఏడు పూలు 96, తమంతట తామే కట్టిన కాయలు 27. వాలు మీది పాత మొదళ్ళలో నాలుగింటికి జంట దుంపలు ఉన్నాయి. వాటిని వేసవిలో, నిద్రలో ఉన్నప్పుడు, గడ్డిలో పేర్చి మేనత్త పొలానికి తీసుకుపోవాలి. కడీల వెంట, పశువులు తిరగని ఉత్తరపు గట్టున పెట్టమని ఆమే చోటు చూపించింది. గట్టున ముందుగా రెండు కరివేపాకు, ఒక నిమ్మ పెట్టాలని చెప్పాను. అవి ఈ నెలలోనే నాటించింది.

విత్తనం నుంచి వచ్చిన మొక్క ఒకే పూవు పూసింది. అది అక్టోబరు మొదటి వారంలో విచ్చింది, రేకులు మిగతా వాటి కంటె పొట్టి. నేను ఇక్కడ లేని రోజులలోనే ఎవరో వచ్చి వెళ్ళి ఉంటారు. ఈ రోజు దాని కాడకు చిటికెన వేలంత కాయ ఉంది, ఇంకా పచ్చగానే ఉంది. అది పగిలే దాకా కోయను.